కంటికి తెలుగు, కంప్యూటరుకు కాదు: ఒక గ్రంథాలయ సంస్థ వెబ్‌సైటు పని డైరీ

ఈ పని ఒక జిల్లా గ్రంథాలయ సంస్థది. కేంద్ర గ్రంథాలయానికీ, దాని కింది శాఖలకూ కలిపి పదేళ్ల కిందట ఎవరో చేతితో రాసిపెట్టిన 61 పేజీల వెబ్‌సైటును తిరిగి కట్టడం నా వంతుకు వచ్చింది. ఇదే పని నెత్తికెత్తుకునే మరొకరికి ఉపయోగపడాలని రాస్తున్నాను కాబట్టి, బాగా జరిగినవాటి కంటే చెడిపోయినవాటికే ఎక్కువ చోటు ఇచ్చాను. మొదట 60 గంటల పని అని చెప్పి ఒప్పుకున్నాను. ఆ అంచనా ఎంత తప్పో ప్రతి దశ చివర ఉన్న కూడిక చెబుతుంది.

దశ 0: ముట్టుకోకముందు కొలతలు

1. మొదటి పేజీ బరువు 6.8 మెగాబైట్లు. అందులో 5.9 మెగాబైట్లు సభల ఫొటోలే.
2. లైట్‌హౌస్‌లో (వెబ్ పేజీల పనితీరు కొలిచే పరికరం) సెకనుకు 1.6 మెగాబిట్ల నెమ్మది 4జీ అమరికతో చూస్తే పేజీ పూర్తిగా దిగడానికి 36 సెకన్లు పట్టింది.
3. 61 పేజీలలో 38 పేజీల విషయం బొమ్మల రూపంలోనో, అను అనే పాత డీటీపీ ఫాంటుతో చేసిన పీడీఎఫ్‌ల రూపంలోనో ఉంది.
4. పుస్తకాల జాబితా ఒక ఎక్సెల్ ఫైలు. 31,480 వరుసలు. అదీ అను ఫాంటులోనే ఉంది.

ఫొటోలను కుదించడానికి ఒక గంట పట్టింది, పేజీ 1.1 మెగాబైట్లకు దిగింది. ఈ పని మొత్తంలో అందరూ మెచ్చుకున్న మార్పు ఇదే, అన్నిటికంటే తక్కువ కష్టపడినదీ ఇదే.

దిశను మార్చినది మూడో కొలత. ఆ 38 పేజీలనూ తెరపై చూస్తే చక్కటి తెలుగు కనిపిస్తుంది. బొమ్మల్లోంచి ఏదీ కాపీ కాదు, పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే మాత్రం ఆంగ్ల అక్షరాల, గుర్తుల కలగాపులగం వస్తుంది. పాత డీటీపీ ఫాంట్లు చేసేది ఇదే: ఆంగ్ల అక్షరాల సంకేతాల స్థానంలో తెలుగు తలకట్లనూ, గుడులనూ, ఒత్తులనూ ముక్కలుగా అమర్చి కంటికి తెలుగు చూపిస్తాయి. ముద్రణకు అది చాలు. వెతకడానికీ, చదివి వినిపించడానికీ, ఫోనులో పెద్దది చేసి చూడడానికీ చాలదు. కొత్త రూపకల్పన కోసం గీసిన నమూనాలను పక్కన పెట్టి, ముందు అక్షరాలను అక్షరాలుగా, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే యూనికోడ్‌లోకి, మార్చాలని ఆ సాయంత్రమే నిర్ణయించాను.

ఈ దశ: 8 గంటలు. మొత్తం: 8.

దశ 1: జాబితాను యూనికోడ్‌లోకి మార్చడం

మొదటి ప్రయత్నం పూర్తిగా నా తొందరపాటు వల్లే చెడింది. ఎక్సెల్ ఫైలును సీఎస్‌వీగా (అక్షరాలు మాత్రమే మిగిలే సాదా ఫైలుగా) ఎగుమతి చేసి, మార్పిడి పట్టికతో ఒక పైథాన్ ప్రోగ్రాము రాసి, 31,480 వరుసలనూ దానిమీదుగా పంపాను. జాబితాలో 2,960 ఆంగ్ల పుస్తకాలు కూడా ఉన్నాయని నాకు తట్టలేదు. సీఎస్‌వీలో ఏ గడి ఏ ఫాంటులో ఉందన్న సమాచారం నిలవదు కాబట్టి, ప్రోగ్రాము ఆంగ్ల పేర్లను కూడా అను సంకేతాలనుకుని అర్థంలేని తెలుగుగా మార్చేసింది. వ్యాకరణ పుస్తకాల మధ్య ఏ భాషకూ చెందని పేర్లు వరుసగా కనబడుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తరువాత అనుసరించిన క్రమం ఇది. ఇదే పని చేసేవారు ఇక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

1. మూల ఫైలుకు ఒక ప్రతి తీసి, మూలాన్ని చదవడానికి మాత్రమే వీలుండేలా తాళం వేయాలి.
2. పాత ఎక్సెల్ రూపంలో ఉంటే లిబ్రెఆఫీస్‌తో కొత్త రూపంలోకి మార్చాలి. సీఎస్‌వీ జోలికి పోకూడదు.
3. ఓపెన్‌పైఎక్సెల్ అనే పైథాన్ ఉపకరణంతో ప్రతి గడి ఫాంటు పేరును చదవాలి. ఒకే గడిలో రెండు ఫాంట్లు ఉండవచ్చు, ఉదాహరణకు తెలుగు పేరు పక్కన ఆంగ్లంలో సంపుటి సంఖ్య. 3.1 వెర్షన్ నుంచి గడిలోని ముక్కలను విడివిడిగా చదివే సదుపాయం ఉంది, దానిని తప్పక వాడాలి.
4. అను ఫాంటు ముక్కలను మాత్రమే మార్చి, మిగిలినవాటిని ఉన్నవి ఉన్నట్టు ఉంచాలి.
5. మార్చిన ప్రతి వరుసలోనూ తెలుగులో ఉండకూడని వరుసక్రమాలను పట్టుకోవాలి: గుణింతపు గుర్తుతో మొదలయ్యే మాట, రెండు గుణింతపు గుర్తులు పక్కపక్కన ఉండడం, పొల్లు వెనుకనే గుణింతపు గుర్తు రావడం.

ఐదో అంచెలో దొరికిన తప్పు వరుసలు ఇలా తగ్గాయి: సీఎస్‌వీతో 4,212, ఫాంటు పేరు చదివాక 1,137, ఒకే ఫైలులో రెండు వెర్షన్ల అను ఫాంట్లు ఉన్నాయని గమనించి రెండు పట్టికలు వాడాక 286. ఆ 286 వరుసలనూ గ్రంథాలయ సిబ్బంది చేత్తో దిద్దారు. వాటిలో 19 పేర్ల కోసం యాక్సెషన్ రిజిస్టరు (పుస్తకం చేరినప్పుడు నమోదు చేసే చిట్టా) తీయవలసి వచ్చింది.

ఇక్కడితో అయిపోయిందనుకోవడం రెండో పొరపాటు. నియమాలకు లోబడి ఉన్నంత మాత్రాన మాట సరైనది కాదు. ఎక్కడపడితే అక్కడ తీసిన 400 వరుసలను రిజిస్టరుతో పోల్చి చూస్తే 11 తప్పులు దొరికాయి, ఆ లెక్కన మొత్తం జాబితాలో దాదాపు 870 వరుసలు తప్పన్నమాట. పదకొండింటిలో ఏడు ఒకే జాతివి. తెలుగు లిపిలో ‘వ’కు కొమ్ము ఇస్తే వచ్చే ‘వు’కూ, ‘మ’కూ రూపంలో తేడా చాలా తక్కువ. ఈ ఫైలు టైపు చేసినవారిలో ఒకరు రెండింటినీ ఒకే ముక్కలతో కూర్చారు. కంటికి తేడా లేదు కాబట్టి పదేళ్లపాటు ఎవరూ పట్టించుకోలేదు. మార్పిడి తరువాత ‘వుంది’ కాస్తా ‘మంది’ అయి కూర్చుంది. ‘వు’, ‘మ’ ఉన్న ప్రతి మాటనూ, మిగిలిన జాబితాలోని మాటలతో పోల్చి అరుదుగా కనిపించేవాటిని మాత్రమే సిబ్బందికి చూపించే చిన్న తెర తయారుచేశాను. రెండు రోజుల్లో వారు 604 వరుసలు దిద్దారు. మళ్లీ 400 వరుసలు తీసి చూస్తే 3 తప్పులు. అక్కడ ఆపాను. మిగిలినవాటిని పాఠకులు చెప్పడానికి ప్రతి పుస్తకం పక్కన ‘పేరులో తప్పుందా?’ అన్న లంకె పెట్టాను.

ఈ దశ: 46 గంటలు. మొత్తం: 54.

దశ 2: వెతుకులాట

జాబితాను పాత సైటులోనే ఒక మూల ప్రయోగంగా పెట్టి, వెతికిన మాటలను వారం రోజులు నమోదు చేశాను. వెతికినవారి పేరుగాని, ఫోను నంబరుగాని నమోదు కాలేదు. మొత్తం 412 వెతుకులాటల్లో 163 సార్లు ‘ఏమీ దొరకలేదు’ అని వచ్చింది. ఆ 163నీ ఒక్కొక్కటిగా చదివి విడదీశాను.

1. తెలుగు మాటను ఆంగ్ల అక్షరాలతో టైపు చేసినవి: 71.
2. ‘మహాభారతం’ అని అడిగితే జాబితాలో ‘మహాభారతము’ అని ఉన్నవి, అలాంటివే: 38.
3. మాటల మధ్య ఖాళీ తేడా, లేదా అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ గుర్తు తేడా: 22.
4. నిజంగానే పుస్తకం లేనివి, ఏమడిగారో అర్థం కానివి: 32.

అంటే 131 వెతుకులాటల్లో తప్పు పాఠకుడిది కాదు. పుస్తకం బీరువాలో ఉండగా లేదని చెప్పి వెనక్కి పంపాం.

దీనికి ప్రతి పుస్తకం పేరు పక్కన రెండు అదనపు నిలువు వరుసలు చేర్చాను. మొదటిదానిలో పేరును యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ రూపానికి తెచ్చి, కనిపించని గుర్తులనూ, ఖాళీలనూ తీసి, మాట చివరి ‘ము’ను సున్నగా, ‘ఱ’ను ‘ర’గా మార్చి పెట్టాను. రెండోది ఆంగ్ల అక్షరాల వెతుకులాట కోసం: పేరును రోమను లిపిలోకి మార్చి, హ్రస్వ దీర్ఘాల తేడాను, జంట హల్లులను, మహాప్రాణాలను చెరిపేసిన ముతక రూపం. పాఠకుడు టైపు చేసినదాన్నీ అదే విధంగా ముతకచేసి పోల్చుతాం.

ఎన్‌ఎఫ్‌సీ ఎందుకని అడిగేవారికి: యూనికోడ్‌లో ఐత్వం ఒకే గుర్తుగానూ ఉండవచ్చు, రెండు గుర్తులుగా విడిపోయీ ఉండవచ్చు. ‘చైత్రం’ అన్న మాట తెరపై రెండు విధాలా ఒకేలా కనిపిస్తుంది, కంప్యూటరు మాత్రం వేర్వేరు మాటలంటుంది. ఎన్‌ఎఫ్‌సీ రెండింటినీ ఒకే రూపానికి తెస్తుంది. ఇదే సమస్య ఫైళ్ల పేర్లలోనూ ఎదురైంది. పాత మాక్ కంప్యూటరులో పేరు పెట్టిన కొన్ని స్కాన్లు సర్వరుకు ఎక్కించగానే లంకెలు తెగిపోయాయి. కారణం వెదకడానికి సగం రోజు పోయింది. అప్పటి నుంచి ఫైలు పేర్లకు అంకెలే వాడుతున్నాను.

ఈ దశలో నేను చేసిన తప్పు అత్యాశ. మొదటి నిలువు వరుసలోనే ‘ళ’ను ‘ల’గా, ‘ణ’ను ‘న’గా కూడా మార్చాను. మరునాడు ‘కళలు’ అని వెతికిన పాఠకురాలికి కలల ఫలితాలు చెప్పే పుస్తకాలు ముందు వచ్చాయి. ఆ రెండు మార్పులనూ తీసివేసి, మొదటి పోలికలో ఏమీ దొరకనప్పుడు మాత్రమే వాటిని ప్రయత్నించేలా మార్చాను. తరువాతి వారం లెక్క: 395 వెతుకులాటల్లో 47 సార్లు ఏమీ దొరకలేదు. 40 శాతం నుంచి 12 శాతానికి వచ్చింది. ఆ 47లో ఎక్కువ భాగం పోటీ పరీక్షల పుస్తకాలు. నిజంగానే గ్రంథాలయంలో లేవు. ఆ జాబితాను కొనుగోళ్లు చూసేవారికి ఇచ్చాను.

ఈ దశ: 28 గంటలు. మొత్తం: 82.

దశ 3: ఫాంటు

ఇది చిన్న దశ, కానీ ఒక తెలివితక్కువ పని నమోదు చేయాలి. ఫోనుల్లో అందంగా కనిపించాలని ఒక వెబ్ ఫాంటును ఎంచుకుని, దాని బరువు తగ్గించడానికి పైఎఫ్‌టీసబ్‌సెట్ పరికరంతో అక్కరలేని భాగాలను కత్తిరించాను. ఆంగ్ల ఫాంట్ల కోసం రాసిన ఆదేశాన్ని ఎక్కడి నుంచో తెచ్చి, అక్షరాల కూర్పు నియమాల్లో రెండింటినే ఉంచి తక్కినవి తీసేశాను. తెలుగు ఒత్తులు ఏర్పడేది ఆ తీసేసిన నియమాల వల్లనే. ఫలితంగా ‘పక్క’ అన్న మాటలో క కింద ఒత్తు రావడం మాని, పొల్లు పెట్టిన క, దాని పక్కన మరో క విడివిడిగా నిలబడ్డాయి. తెలుగు ఫాంటును కత్తిరించవలసి వస్తే అక్షరాల సంఖ్యను తగ్గించండి, కూర్పు నియమాలను ముట్టుకోకండి.

సరిచేశాక ఆలోచిస్తే, అసలు ఫాంటు పంపడం ఎందుకన్న ప్రశ్న వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోనులలో నోటో తెలుగు ముందే ఉంటుంది. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ ఉంది, అంతకు ముందువాటిలో గౌతమి ఉంది. వెబ్ ఫాంటును పూర్తిగా తీసేసి, పరికరంలో ఉన్నదాన్నే వాడమని రాశాను. వరుసల మధ్య ఎడాన్ని మాత్రం 1.3 నుంచి 1.7కు పెంచాను, ఎందుకంటే పాత ఎడంలో ‘స్త్రీ’, ‘లక్ష్మి’ వంటి మాటల కింది ఒత్తులు తరువాతి వరుస గుడుల మీద ఎక్కి కూర్చునేవి.

మొదటి పేజీ బరువు ఇప్పుడు 310 కిలోబైట్లు, అదే 4జీ అమరికలో 2.6 సెకన్లు.

ఈ దశ: 11 గంటలు. మొత్తం: 93.

దశ 4: చూపు లేనివారు చదవగలగడం

వికలాంగుల హక్కుల చట్టం, 2016 వచ్చాక ఇది దయతో చేసే పని కాదు. 2023లో వచ్చిన భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 3.0 కూడా డబ్ల్యూసీఏజీ 2.1 (వెబ్‌సైట్లు అందరికీ అందేలా ఉండడానికి అంతర్జాతీయ ప్రమాణం) లోని ఏఏ స్థాయిని ప్రామాణికంగా చెబుతున్నాయి. యంత్రంతో చేసిన పరీక్షలో తప్పులన్నీ దిద్ది 100 మార్కులు తెచ్చుకుని, గ్రంథాలయానికి తరచూ వచ్చే చూపు లేని పాఠకుడొకరిని పిలిచి ఎన్‌వీడీఏతో (తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రాము) సైటు నడపమని కోరాను. మూడు నిమిషాల్లో ఆయన చేతులెత్తేశారు.

ఆయన పక్కన కూర్చుని రాసుకున్నవి:

1. పేజీ భాష కోడులో తెలుగని కాక ఆంగ్లమని ఉంది. కంఠం ఆంగ్లంలోనే ఉండిపోయి తెలుగును దాటేసింది. ఒక్క మాట మార్చితే సరిపోయింది. తెలుగు మధ్య వచ్చే ఆంగ్ల పుస్తకాల పేర్లకు విడిగా ఆంగ్లమని గుర్తించాలి.
2. ‘వివరాలు’, ‘వివరాలు’, ‘వివరాలు’ అని పద్దెనిమిది లంకెలు వరుసగా వినిపించాయి. దేని వివరాలో తెలియదు. ప్రతి లంకెలోనూ విషయం పేరు చేర్చాను.
3. పైన కదిలే వార్తల పట్టీ. ఐదు సెకన్లకు మించి తనంతట తాను కదిలేదానికి ఆపే వీలుండాలని నియమం. ఆపే మీట పెట్టడానికి బదులు పట్టీనే తీసేశాను. దీనికి కార్యాలయంలో అభ్యంతరం వచ్చింది, ‘పట్టీ లేకపోతే సైటు చచ్చిపోయినట్టుంది’ అన్నారు. అవే వార్తలను తేదీలతో జాబితాగా పెట్టి ఒప్పించాను.
4. ‘క్ర.సం.’ అని రాస్తే ‘క్ర’ అని ఆగి, ‘సం’ అని ఆగింది. ‘వరుస సంఖ్య’ అని పూర్తిగా రాశాం.
5. పుస్తకం రిజర్వు చేసే ఫారంలో బొమ్మలోని అక్షరాలు చూసి టైపు చేయమన్న అడ్డంకి. ఇక్కడే ఆయన ఆగిపోయారు. దాన్ని తీసి, మనుషులకు కనిపించని, చెత్త పంపే ప్రోగ్రాములు మాత్రమే నింపే ఒక గడినీ, నిమిషానికి ఇన్ని ఫారాలేనన్న పరిమితినీ పెట్టాను. ఆరు వారాల్లో వచ్చిన చెత్త ఫారాలు 4.

యంత్రం పరీక్షలో ముందే దొరికిన తప్పు ఒకటి: తెల్లటి పేజీపై పసుపు శీర్షికల వర్ణభేదం 1.5 : 1 మాత్రమే. మామూలు పరిమాణపు అక్షరాలకు ఉండవలసింది కనీసం 4.5. ముదురు గోధుమ రంగుకు మారిస్తే 8.3 వచ్చింది. పసుపు శుభసూచకమన్న వాదనకు తలవంచి, దాన్ని శీర్షిక కింద గీతగా ఉంచాను.

రెండోసారి ఆయన 6 నిమిషాల్లో ఒక పుస్తకం వెతికి రిజర్వు చేశారు.

ఈ దశ: 34 గంటలు. మొత్తం: 127.

దశ 5: టైపు చేసేవారి చేతి అలవాటు

సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి) కింద ప్రతి కార్యాలయం తనంత తానుగా ప్రకటించవలసిన 17 అంశాలు ఇక్కడ 118 పేజీల స్కానుగా ఉన్నాయి, 94 మెగాబైట్లు. టెసరాక్ట్‌తో అక్షరాలు గుర్తించే ప్రయత్నం చేశాను. శుభ్రమైన పేజీలు బాగానే వచ్చాయి. వంకరగా స్కాను చేసినవి, రబ్బరు స్టాంపులు పడినవి దిద్దడం కంటే మళ్లీ టైపు చేయడమే తేలికనిపించింది.

టైపు చేసే ఉద్యోగి అను ఫాంటులో ‘యాపిల్’ అనే మీటల అమరికపై ఇరవై ఏళ్లుగా పని చేస్తున్నారు. ఇన్‌స్క్రిప్టు (ప్రభుత్వ ప్రామాణిక మీటల అమరిక) నేర్చుకోమని నేను మొదట అనడం తప్పే. నాలుగు రోజులు ప్రయత్నించి, ‘నాకు చదువు మళ్లీ మొదలైనట్టుంది సార్’ అన్నారు. మైక్రోసాఫ్ట్ కీబోర్డ్ లేఅవుట్ క్రియేటర్‌తో, ఆయన చేతికి అలవాటైన మీటల అమరికను అలాగే ఉంచి యూనికోడ్ అక్షరాలు వచ్చేలా ఒక కీబోర్డు తయారుచేశాను. ఒత్తు మీట నొక్కితే పొల్లూ, హల్లూ కలిసి వస్తాయి.

అయినా సంయుక్తాక్షరాలు చెడుతూనే ఉన్నాయి. ఆయన పక్కన నిలబడి చూస్తే కారణం తెలిసింది. మనం బడిలో నేర్చుకున్నది ‘కకు గుడిస్తే కి, కికి రావత్తిస్తే క్రి’ అని. ఆయన చేయీ అదే వరుసలో వెళుతుంది: ముందు గుడి, తరువాత ఒత్తు. యూనికోడ్‌కు ముందు ఒత్తు, తరువాత గుడి కావాలి. తెలుగు రాతలో గుడి తరువాత పొల్లు వచ్చే సందర్భం లేదు కాబట్టి, వార్తలు రాసే పెట్టెలో ఆ క్రమం కనబడగానే తిరగేసే చిన్న ప్రోగ్రాము రాశాను. మొదటి రూపంలో ఒక్కసారే తిరగేసింది, దానితో ‘స్త్రీ’ కాస్తా ‘స్తీ్ర’ అయింది. తెలుగు సైట్లలో ఈ వికృతరూపం చాలాచోట్ల కనిపించడానికి కారణం ఇలాంటిదే అయివుంటుందని అప్పుడు అనిపించింది. తిరగేయవలసినది మిగలనంతవరకు తిరగేయమని మార్చాక సమస్య పోయింది.

118 పేజీలనూ ఆయనే 13 పనిదినాల్లో టైపు చేశారు. 94 మెగాబైట్ల స్కాను స్థానంలో ఇప్పుడు 17 మామూలు పేజీలు ఉన్నాయి.

ఈ దశ: 31 గంటలు. మొత్తం: 158.

దశ 6: డేటాబేసు తరలింపు

పాత సైటు సలహాల పుస్తకంలోని తెలుగు వ్యాఖ్యలు కొత్త సర్వరులో ఒక్కో అక్షరానికి మూడేసి వింత గుర్తులుగా వచ్చాయి. యూటీఎఫ్-8లో (యూనికోడ్‌ను దాచే పద్ధతి) తెలుగు అక్షరానికి మూడు బైట్లు, పాత మైఎస్‌క్యూఎల్ పట్టిక మాత్రం లాటిన్1 (పశ్చిమ ఐరోపా అక్షరాలు, ఒక్కోదానికి ఒక బైటు) అని చెప్పుకుంటూ ఆ బైట్లను దాచుకుంది. నిలువు వరుస రకాన్ని నేరుగా మారిస్తే ఆ వింత గుర్తులే పట్టికలో నిలిచిపోతాయి. చేయవలసినది:

1. బ్యాకప్ తీయాలి, దాన్ని మరో యంత్రంలో తెరిచి చూడాలి.
2. నిలువు వరుసను ముందు, అక్షరాలుగా చూడకుండా బైట్లను మాత్రమే దాచే బ్లాబ్‌గా మార్చాలి, అప్పుడు బైట్లు కదలవు.
3. బ్లాబ్ నుంచి యూటీఎఫ్8ఎంబీ4కు మార్చాలి.

ఈ దశ: 9 గంటలు. మొత్తం: 167.

ప్రారంభం తరువాత, ఆరో వారం

సోమవారం ఉదయం సెలవు నోటీసొకటి మళ్లీ ఫొటోగా ఎక్కింది. వాట్సాప్‌లో వచ్చినదాన్ని వచ్చినట్టే పెట్టారు. ఫోనుచేసి చెప్పడానికి బదులు ఎక్కించే ఫారాన్ని మార్చాను: బొమ్మ ఒక్కటే ఇస్తే ఫారం తీసుకోదు, కనీసం 40 అక్షరాల పాఠం ఉండాలి. బుధవారం ఒక నోటీసు 40 చుక్కలతో వచ్చింది. చుక్కలను లెక్కించకుండా, తెలుగు హల్లులను మాత్రమే లెక్కించేలా మార్చాను. శుక్రవారం వచ్చిన మూడు నోటీసుల్లో రెండింటికి పూర్తి పాఠం ఉంది. మూడోదానిలో ‘కకకక...’ అని చివరిదాకా ‘క’లే ఉన్నాయి. ఫారం మార్పులకు 1 గంట. మొత్తం: 168.